వేడి మట్టి మోకాళ్లకు మంచిదే, మరి దమ్ముకు?

వరంగల్ దిక్కు ఊళ్లలో ఊపిరాడని మనిషిని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. నులక మంచం అంచున కూర్చుంటాడు, రెండు చేతులు మోకాళ్ల మీద ఊనుతాడు, భుజాలు చెవుల దాకా లేస్తుంటాయి, పెదాలు సున్నా చుట్టి ఊదుతూ గాలి వదులుతాడు, మెడకు రెండు పక్కలా కండరాలు తాళ్లలా బిగుసుకుని కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు దమ్ము అంటారు, ఆర్ఎంపీ ఉబ్బసం అంటాడు, ఛాతీ డాక్టర్ గొట్టంలో ఊదించి చూసి సీవోపీడీ, అంటే గాలి గొట్టాలు సన్నబడి ఊపిరి పూర్తిగా బయటికి రాని దీర్ఘకాలిక జబ్బు అని రాస్తాడు. ఇలాంటి ఇంటికి ఏదో ఒక రోజు ఫోన్లో ఒక వీడియో వస్తుంది. ఒళ్లంతా నల్లటి వేడి మట్టి పూసుకుని, దుప్పటి చుట్టుకుని, కళ్లు మూసుకుని పడుకున్న మనుషులు, కింద "ఊపిరితిత్తుల్లో పేరుకున్న కఫం మొత్తం కరిగిపోతుంది" అన్న మాట.

ఆశ పుట్టడంలో తప్పేం లేదు. నాలుగు మెట్లు ఎక్కితే నిలబడిపోయే మనిషికి, రాత్రి వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చునే మనిషికి ఏ దారి కనిపించినా అడిగి చూడాలనిపిస్తుంది. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం వేలమంది వరుస కట్టేది కూడా ఆ బాధ వల్లే. కాబట్టి సంగతి సూటిగా ముందే చెప్పుకోవడం మంచిది. వేడి మట్టి ఊపిరితిత్తులను బాగుచేయదు. పాడైన గాలి గదులను తిరిగి కట్టదు, బిగుసుకున్న గాలి గొట్టాలను తెరవదు. కానీ నొప్పి పెట్టే మోకాళ్లను, నడుమును, భుజాలను కొంత సడలిస్తుంది, అవి సడలితే మనిషి నడవగలుగుతాడు, నడక మాత్రం దమ్ము మనిషికి నిజంగా మందులా పనిచేస్తుంది. మట్టి నుంచి ఊపిరికి దారి ఉందంటే అది మోకాళ్ల మీదుగా ఉంది, ఛాతీ మీదుగా లేదు. ఈ తేడా పట్టుకోకపోతే మేలు చేయాల్సిన మట్టే ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు ఆ మట్టి ఏమిటో చూద్దాం. వీడియోల్లో కనిపించే వేడి మట్టి వైద్యం ఎక్కువగా యూరప్‌ది. ఇటలీలో పాడువా పట్నం పక్కన అబానో అనే ఊరుంది, అక్కడ భూమిలోంచి 80 డిగ్రీలు దాటిన వేడి నీళ్లు వస్తాయి. చెరువు అడుగు నుంచి తీసిన మెత్తటి బంకమట్టిని ఆ నీళ్ల తొట్లలో దాదాపు రెండు నెలలు నానబెడతారు, మన ఇళ్లలో ఆవకాయ ఊరినట్టు అది ఊరుతుంది. ఆ వేడిలోనే బతికే సన్నటి నాచు దాని మీద పెరుగుతుంది, మట్టి జిగటగా, వెన్నలా తయారవుతుంది. వాడేటప్పుడు బకెట్లలోకి తోడి, ఒంటికి ఓర్చుకునేంత వేడికి తెచ్చి, అంటే సుమారు 40 డిగ్రీల దగ్గర, మంచం మీద పరిచిన గుడ్డపై పోసి మనిషిని దాని మీద పడుకోబెట్టి, పైన కూడా పూసి, చుట్టేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాలు. తర్వాత కడిగి, వేడి నీళ్ల తొట్టిలో కాసేపు ఉంచి, చెమట పట్టేలా పడుకోబెడతారు. నీళ్లకంటే మట్టి వేడిని మెల్లగా వదులుతుంది, అందుకే అదే వేడి నీళ్లు చురుక్కుమన్న చోట మట్టి హాయిగా అనిపిస్తుంది.

మన దగ్గరి ప్రకృతి వైద్యంలో మట్టి పట్టీ వేరు. అడాల్ఫ్ జుస్ట్ అనే జర్మన్ మాటలు చదివి గాంధీజీ వాడటం మొదలుపెట్టింది, ఆశ్రమాల్లో పొట్ట మీద, నుదుటి మీద, కళ్ల మీద వేసింది తడి చల్లమట్టి. అది ఒంట్లో వేడిని లాగడానికి. ఇటలీ మట్టి ఒంట్లోకి వేడిని ఎక్కించడానికి. రెండింటినీ కలిపి "మడ్ థెరపీ" అని ఒకే పేరు పెట్టేయడంతో జనానికి గందరగోళం వస్తోంది, ఒకదాని గురించి విన్న మంచిమాట ఇంకోదానికి అంటగడుతున్నారు. నిజానికి వేడి మట్టికి మన ఇళ్లలో దగ్గరి చుట్టం కాపడం. ఉప్పు మూట కాపడం, ఇటుక కాపడం, జిల్లేడాకు వెచ్చచేసి నడుముకు కట్టడం, బాలింతకు వావిలాకు నీళ్లు పోయడం, ఇవన్నీ అదే పని చేస్తాయి. కాపడం పెట్టించుకున్న అవ్వ ఎవరూ తన దమ్ము పోయిందనదు, నొప్పి తగ్గిందంటుంది. ఆ లెక్క సరైన లెక్క.

ఇటలీ వాళ్ల లెక్క కూడా అదే. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ వేడి నీటి బుగ్గల వైద్యానికి డాక్టర్ చీటీ మీద ఏడాదికోసారి డబ్బు కడుతుంది. మట్టి పట్టీలు ఏ జబ్బుకు ఇస్తారని చూస్తే, కీళ్ల అరుగుదల, కీళ్ల నొప్పులు. దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌ (గాలి గొట్టాలు వాచి దగ్గు, తెమడ వదలని జబ్బు) ఉన్నవాళ్లకు ఇచ్చేది మట్టి కాదు, గంధకం లాంటి ఖనిజాలున్న నీటి ఆవిరి పీల్చడం. దానిలోనూ జబ్బు బాగా ముదిరి ఊపిరి చాలని స్థితిలో ఉన్నవాళ్లను, గుండె కుడి భాగం దెబ్బతిన్నవాళ్లను పక్కన పెడతారు. వేడి మట్టికి పుట్టిల్లు లాంటి చోటే దాన్ని ఛాతీ జబ్బు మందుగా చూడటం లేదు, ఇక్కడ రెండు నిమిషాల వీడియో చూసి అలా చూడటం ఎందుకు?

ఇక జబ్బు సంగతి. ఊపిరితిత్తి అన్న మాటలోనే తిత్తి ఉంది. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఎలా సాగి, ఎలా తనంతట తను ముడుచుకుంటుందో ఊపిరితిత్తీ అంతే. లోపల కోట్ల కొద్దీ సన్నటి గాలి గదులు, వాటి గోడల్లో రబ్బరు లాంటి సాగే గుణం. ఏళ్ల తరబడి పొగ, దుమ్ము పడితే ఆ గోడలు తెగి చిన్న గదులు కలిసిపోయి పెద్ద పెద్ద ఖాళీలవుతాయి, రబ్బరు గుణం పోతుంది. గొట్టాల లోపలి పొర వాచి, తెమడ పేరుకుని దారి సన్నబడుతుంది. గాలి లోపలికి పోతుంది కానీ పూర్తిగా బయటికి రాదు. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి చోటెక్కడిది? ఛాతీ డ్రమ్ములా ఉబ్బుతుంది, కింద గొడుగులా వంగి ఉండాల్సిన డయాఫ్రమ్ అనే కండరం పళ్లెంలా చదునైపోతుంది, చదునైన కండరం సరిగా లాగలేదు. ఆ పని మెడ, భుజాల కండరాల మీద పడుతుంది. మంచం అంచున చేతులు మోకాళ్ల మీద ఊనేది ఇందుకే, చేతులు ఊనితే భుజాలు నిలబడతాయి, నిలబడిన భుజాల నుంచి ఆ కండరాలు పక్కటెముకలను పైకి లాగగలుగుతాయి.

ఉత్తర తెలంగాణలో దీనికి కారణాలు వెతకాల్సిన పని లేదు. బీడీ, చుట్ట సరే. జన్మలో బీడీ ముట్టని ఆడవాళ్లకు కట్టెల పొయ్యి చాలు, పత్తి కట్టె, పిడకలు మండించే మూసిన వంటింట్లో ముప్పై ఏళ్లు ఊదుగొట్టం పట్టుకున్న ఛాతీకి కూడా బీడీలు తాగిన ఛాతీలాగే దమ్ము పట్టుకుంటుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లకు పొగాకు దుమ్ము. జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ము, 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు కాలం నుంచీ వరంగల్‌కు పత్తితో ఉన్న బంధం చిన్నది కాదు. పత్తి దుమ్ము జబ్బుకు ఒక గుర్తుంది, సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ ఎక్కువ బిగుసుకుంటుంది. కరీంనగర్ గ్రానైట్, గోదావరిఖని నుంచి భూపాలపల్లి దాకా బొగ్గు, మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ గాలి, వీటికి తోడు ఒకప్పుడు వచ్చి తగ్గిన టీబీ మిగిల్చిన మచ్చలు. దేశం మొత్తం మీద సీవోపీడీ ఉన్నవాళ్లు 1990లో దాదాపు 2.8 కోట్లుంటే 2016 నాటికి 5.5 కోట్లకు చేరారని అంచనా.

ఇప్పుడు "కఫం కరిగిస్తుంది" అన్న మాట తీసుకుందాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది, వేడికి నెయ్యి కరిగినట్టు తెమడ కరుగుతుందని. కానీ ఊపిరితిత్తి లోపల ఇప్పటికే 37 డిగ్రీల వేడి, నిండా తేమ ఉంటాయి, చలికాలం తెల్లవారుజామున పీల్చిన గాలి కూడా గొట్టాల్లో కిందికి పోయేసరికి ఆ వేడికి వచ్చేస్తుంది. బయట 40 డిగ్రీల మట్టి వేస్తే ఆ వేడి ముందు చర్మాన్ని, దాని కింది కొవ్వును దాటాలి. అంతలోనే చర్మం కింది రక్తనాళాలు వెడల్పై ఆ వేడిని రక్తంలో కలిపి ఒళ్లంతా పంచేస్తాయి. ఛాతీ మీద వేసిన మట్టి వేడి నేరుగా కిందనున్న ఊపిరితిత్తికి పోదు, అరికాలికి ఎంత పోతుందో దానికీ అంతే. తెమడ పలచబడాలంటే సరిపడా నీళ్లు తాగాలి, ఊపిరి వ్యాయామాలు చేయాలి, సరైన పద్ధతిలో దగ్గి తీయాలి. పైగా మట్టిలో చెమట ఎక్కువగా పోతే ఒళ్లు ఎండి తెమడ ఇంకా గట్టిపడే అవకాశమే ఎక్కువ.

చెమటతో విషాలు బయటికి పోతాయన్నది ఇంకో మాట. చెమట అంటే నీళ్లు, ఉప్పు. సింగరేణి గనిలో ముప్పై ఏళ్లు పీల్చిన బొగ్గు పొడి ఊపిరితిత్తి కణాల్లో కూరుకుపోయి నల్లటి మచ్చలుగా ఉండిపోతుంది, రాతి దుమ్ము చుట్టూ గట్టి గడ్డలు కడతాయి, అవి చర్మంలోంచి చెమటై కారే దారి శరీరంలో ఎక్కడా లేదు. పొగ మానితే ఊపిరితిత్తి కొంత తనను తాను శుభ్రం చేసుకుంటుంది, అది లోపలి పని, నెలలు పడుతుంది.

మరి మట్టి వేయించుకున్న మనిషి "జర హల్కగ అనిపిస్తున్నది బిడ్డా" అంటే అబద్ధమా? కాదు. ఇక్కడే చాలామంది డాక్టర్లు తొందరపడి కొట్టిపారేస్తారు, అది అన్యాయం. రోజుకు ఇరవై వేలకు పైగా ఊపిర్లు తీయడానికి మెడ, భుజం, వీపు కండరాలు పనిచేస్తున్నాయి, అవి ఎంత పులిసిపోయి ఉంటాయో ఆలోచించండి. నాట్లేసి వచ్చిన నడుముకు వేడి నీళ్లు పోస్తే ఎట్లుంటుందో ఆ కండరాలకు వేడి తగిలితే అట్లుంటుంది. నొప్పి తగ్గితే టెన్షన్ తగ్గుతుంది, టెన్షన్ తగ్గితే ఊపిరి నిదానిస్తుంది, నిదానంగా తీసే మనిషికి గాలి వదలడానికి టైమ్ దొరుకుతుంది, లోపల చిక్కుకునే గాలి కొంత తగ్గుతుంది. ఆయాసం అనేది ఒక అనుభూతి కూడా, భయం ఎక్కువైతే అదే గాలి చాలనట్టు ఉంటుంది. కాబట్టి హాయి నిజం. ఊదుడు పరీక్షలో అంకె మాత్రం మారదు, ఎందుకంటే గొట్టం అలాగే ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు, ఒకటి నిజమని ఇంకోటి నిజం చేసేయకూడదు.

ప్రమాదం దగ్గరికి వస్తే లెక్కలు కొంచెం వివరంగా చూడాలి. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఛాతీ మీద రెండు సెంటీమీటర్ల మందంగా మట్టి పూశారనుకోండి. తడి మట్టి నీళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అంటే రెండున్నర కిలోలకు పైనే. ఆరోగ్యంగా ఉన్నవాడికి అదో లెక్క కాదు. నిమిషానికి 25 సార్లు ఊపిరి తీసే సీవోపీడీ మనిషి ఇరవై నిమిషాల్లో 500 సార్లు ఆ రెండున్నర కిలోలను పక్కటెముకలతో పైకి లేపాలి, అదీ వెల్లకిలా పడుకుని, చేతులు ఊనే వీల్లేకుండా, ఒంటికి దుప్పటి చుట్టి. మామూలుగా అతను కూర్చుని ముందుకు వంగి తప్పించుకునే బాధలన్నీ ఆ మంచం మీద ఒకేసారి పైన పడతాయి. తొట్టి నిండా మట్టి నీళ్లలో మెడదాకా కూర్చోబెడితే ఇంకో రకం బరువు. నీటి ఒత్తిడి పొట్టను లోపలికి నొక్కి డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది, కాళ్లలోని రక్తాన్ని ఛాతీలోకి తోస్తుంది. మెడదాకా మామూలు నీళ్లలో ఉంటేనే ఆరోగ్యవంతుడికి ఊపిరి తీసే శ్రమ సుమారు 60 శాతం పెరుగుతుందని కొలిచి చూశారు. మట్టి కలిస్తే ఆ ఒత్తిడి తగ్గదు, పెరుగుతుంది.

బరువు తర్వాత వేడి. ఒంట్లో వేడి ఒక డిగ్రీ పెరిగితే గుండె నిమిషానికి ఇంచుమించు పది సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. శరీరం ఆక్సిజన్ ఎక్కువ అడుగుతుంది, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ తయారు చేస్తుంది, దాన్ని బయటికి పంపాల్సింది ఆ చిక్కుకుపోయిన ఊపిరితిత్తే. మామూలు మనిషి రెండు ఊపిర్లు ఎక్కువ తీసి సర్దుకుంటాడు, ఇతనికి ఆ వెసులుబాటు లేదు. చర్మం రక్తనాళాలన్నీ తెరుచుకుని బీపీ కిందికి జారుతుంది, పడుకున్నంతసేపు తెలియదు, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడతాడు. తడిసిన బండల మీద పడితే తుంటి ఎముక విరుగుతుంది, దమ్ము మనిషికి తుంటి విరగడం ఎంత పెద్ద కష్టమో ఆస్పత్రుల్లో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మందుల సంగతి ఎవరూ అడగరు, అడగాలి. డెరిఫిలిన్ మాత్రలు, సాల్బుటమాల్ పంపు (నోట్లో పెట్టి పీల్చే ఇన్‌హేలర్) గుండె వేగాన్ని ముందే పెంచి ఉంటాయి, దాని మీద వేడి పడితే దడ ఇంకా ఎక్కువవుతుంది. కాళ్ల వాపులకు మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ల మాత్ర వేసుకునేవాళ్లు చెమటతో ఇంకా ఎండిపోతారు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్ల చర్మం ఉల్లిపొరలా పలచబడి ఉంటుంది, ఊళ్లల్లో దమ్ము వచ్చినప్పుడల్లా డెక్సా సూది వేయించుకున్నవాళ్లూ ఇందులోకే వస్తారు. వేరే వాళ్లకు వెచ్చగా ఉన్న మట్టి వాళ్లకు బొబ్బలెక్కిస్తుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకు కాలుతున్నట్టే తెలియదు.

ఇంట్లోనే చేసుకుందామనే ఆలోచన ఇంకా ప్రమాదం. చెరువు మట్టికి మనకు కొదవ లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్నప్పుడు ట్రాక్టర్ల కొద్దీ ఒండ్రు పొలాలకు పోయింది, భూమికి అది బంగారం. ఒంటికి మాత్రం వేరు లెక్క. ఇటలీ తొట్టిలో రెండు నెలలు ఊరిన మట్టికి, పట్నం మురుగు కలిసే చెరువు అడుగు బురదకు పోలికే లేదు. వరి మళ్లలో, బురదలో బతికే ఒక బ్యాక్టీరియా వల్ల మెలియాయిడోసిస్ అనే జబ్బు వస్తుంది, అది చర్మం మీది చిన్న గీరు నుంచి లోపలికి పోయి నిమోనియా తెస్తుంది, మన దేశంలో ఉన్నదే. అది ఎక్కువగా పట్టేది షుగర్ ఉన్నవాళ్లను, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లను, స్టెరాయిడ్ వాడేవాళ్లను, మద్యం ఎక్కువ తాగేవాళ్లను. ఈ నాలుగూ ఒకే మనిషిలో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. ధనుర్వాతం సరేసరి. ఎండిన మట్టిని దంచి జల్లెడ పట్టేటప్పుడు లేచే దుమ్ములో రాతి పొడి ఉంటుంది, ఆ పని దమ్ము మనిషి ఉన్న వాకిట్లో చేయనే కూడదు.

"మనకూ వేడి నీటి బుగ్గలున్నాయి కదా" అని కొందరు అంటారు. ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తోడితే వేడి నీళ్లు ఊరతాయి, మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వచ్చే వేడి నీటితో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటే పెట్టింది. గోదావరి లోయ కింద భూమి పొరలు చీలి ఉండటంతో లోతుకు దిగిన నీరు వేడెక్కి పైకి వస్తుంది, అదే లోయ పొరల్లో బొగ్గూ ఉంది. ఊపిరితిత్తులను నల్లగా మార్చిన నేలే వేడి నీళ్లు కూడా ఇస్తోందంటే, ఆ నీళ్లు ఆ జబ్బుకే మందేమో అని మనసుకు అనిపించడం సహజం. కానీ నీరు వేడిగా ఉండటం వేరు, దాన్ని పరీక్షించి, శుభ్రంగా ఉంచి, డాక్టర్ కనుసన్నల్లో వాడటం వేరు. వెచ్చగా నిలిచిన నీటిలో లెజియోనెల్లా లాంటి క్రిములు బాగా పెరుగుతాయి, ఆ నీటి తుంపర్లు పీల్చితే నిమోనియా వస్తుంది. గంధకం వాసన వచ్చే చోట ఆ వాయువే గొంతును, గొట్టాలను మండిస్తుంది.

విదేశాల్లో బాగైనవాళ్ల కథలు విన్నప్పుడు ఇంకో జాగ్రత్త. ఇజ్రాయెల్, జోర్డాన్‌ల మధ్యనున్న మృత సముద్రం దగ్గరికి పోయిన ఊపిరితిత్తుల రోగులకు తేలికగా ఉంటుందన్నది నిజమే, పరీక్షల్లోనూ తేలింది. అక్కడి నల్ల మట్టి ప్రపంచమంతా అమ్ముతారు కాబట్టి గొప్పతనం మట్టికి పోతుంది. అసలు కారణం వేరే. ఆ చోటు సముద్ర మట్టానికి దాదాపు 430 మీటర్లు కిందుంది, గాలి చిక్కగా ఉంటుంది, ప్రతి ఊపిరిలో ఆక్సిజన్ కొంచెం ఎక్కువ దొరుకుతుంది. వరంగల్ సముద్ర మట్టానికి 270 మీటర్లకు అటూ ఇటూగా పైనుంది, ఆ మట్టి డబ్బా కొని తెచ్చుకుంటే ఆ గాలి రాదు. జపాన్‌లో 60 డిగ్రీల పొడి వేడి గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టి, తర్వాత అరగంట దుప్పటి కప్పి పడుకోబెట్టే పద్ధతి ఒకటుంది, దాన్ని గుండె రోగుల మీద, కొద్దిమంది సీవోపీడీ రోగుల మీద ప్రయత్నించి కొంత మేలు చూశారు. అక్కడ మట్టీ లేదు, ఛాతీ మీద బరువూ లేదు, కూర్చునే పద్ధతి, పక్కన డాక్టర్లు. యూరప్ బుగ్గల దగ్గర రెండు మూడు వారాలుండి వచ్చినవాళ్లు కూడా ఆ రోజుల్లో రోజూ నడుస్తారు, ఫిజియోథెరపీ చేయించుకుంటారు, సిగరెట్ మానేస్తారు, పొగ లేని గాలి పీలుస్తారు, వేళకు తింటారు. ఇంటికొచ్చాక పేరు మట్టికి వస్తుంది.

ఇంతా అయ్యాక ఎవరు వేయించుకోవచ్చు అన్న ప్రశ్న మిగులుతుంది. కూర్చుని ఉన్నప్పుడే ఆయాసం వచ్చేవాళ్లు, ఇంట్లో ఆక్సిజన్ వాడేవాళ్లు, కాళ్లు వాచినవాళ్లు, తెమడలో రక్తం పడినవాళ్లు, జ్వరం లేదా నిమ్ము ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆస్పత్రిలో పడి లేచినవాళ్లు, టీబీ మందులు మింగుతున్నవాళ్లు వేడి మట్టి వైపు పోనే వద్దు, ఎవరు ఎంత బలవంతం చేసినా సరే. జబ్బు అదుపులో ఉండి, తన పనులు తను చేసుకుంటూ, మోకాళ్ల నొప్పులతోనో నడుము నొప్పితోనో నడక మానేసిన మనిషైతే, ఛాతీ డాక్టర్‌ను అడిగి, మోకాళ్లకు, నడుముకు, భుజాల వెనక మాత్రమే వేయించుకోవచ్చు. కుర్చీలోనో, తల వైపు ఎత్తు పెట్టిన మంచం మీదనో కూర్చునే ఉండాలి, ఛాతీ, పొట్ట ఖాళీగా ఉండాలి, దుప్పటి బిగించి చుట్టకూడదు. వేడి 40 డిగ్రీలు దాటనివ్వకుండా, మొదటిసారి పది నిమిషాలతో ఆపితే చాలు. కరోనా పుణ్యమా అని చాలా ఇళ్లలో పల్స్ ఆక్సీమీటర్ ఉంది, అది వేలికి పెట్టుకునే ఉండాలి. ఆక్సిజన్ 90 కిందికి జారినా, మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చినా అప్పుడే కడిగేయాలి. పంపు చేతికందేలా పక్కనే, తాగడానికి నీళ్లు, చేయి పట్టుకుని లేపడానికి ఒక మనిషి. ఇవేవీ లేని చోట, "ఏం కాదు పెద్దయ్యా, పడుకో" అనే చోట, లేచి వచ్చేయడమే మంచిది. ఇంటి దగ్గర ఉప్పు మూట కాపడంతో అదే హాయి దాదాపు ఉచితంగా వస్తుంది.

డబ్బు, ఓపిక పెట్టాల్సిన చోటు వేరే ఉంది. ఊపిరితిత్తుల పునరావాసం అని ఒక పద్ధతి, పేరు పెద్దదే కానీ చేసేది నడక, కాళ్లకు చేతులకు బలం వచ్చే చిన్న కసరత్తులు, పెదాలు సున్నా చుట్టి ఊపిరి వదలడం, తెమడ తీసే పద్ధతి, వారానికి రెండు మూడు సార్లు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. 65 అధ్యయనాలను, 3,822 మందిని కలిపి వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ 2015లో చూసిన సమీక్షలో ఆయాసం తగ్గడం, నడిచే దూరం పెరగడం ఎంత స్పష్టంగా తేలిందంటే, ఇది పనిచేస్తుందా లేదా అని ఇంకా అధ్యయనాలు చేయనక్కర్లేదని రాశారు. వేడి మట్టికి ఊపిరితిత్తుల విషయంలో అలాంటి ఆధారం దరిదాపుల్లో లేదు. పునరావాసంతో కూడా ఊపిరితిత్తి బాగవదు, కాళ్ల కండరాలు బలపడి అదే పనికి తక్కువ ఆక్సిజన్ అడుగుతాయి, అంతే, ఆ అంతే చాలా పెద్దది.

ఇంకా చెప్పాలంటే పంపు. "అలవాటైతే వదలదు" అన్న భయంతో పంపు పెట్టెలో దాచి, మాత్రలు, సూదుల మీద నడిపేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పంపులో మందు చాలా కొద్దిగా ఉంటుంది, నేరుగా గొట్టానికి పోతుంది, మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. స్పేసర్ డబ్బా పెట్టి పీల్చితే మందు గొంతులో అతుక్కోకుండా లోపలికి దిగుతుంది, ఒకసారి డాక్టర్ ముందు పీల్చి చూపిస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఆక్సిజన్ బాగా తగ్గినవాళ్లకు రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లోనే తేలింది. ఏటా ఫ్లూ టీకా, నిమోనియా టీకా. ఇంట్లో గ్యాస్ ఉన్నా స్నానాల నీళ్లకు, దాణాకు ఇంకా కట్టెల పొయ్యి వెలుగుతుంటే, ఆ పొయ్యి వాకిట్లోకి మార్చడం ఏ మట్టి ప్యాకేజీ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

మట్టి వేయించుకోవాలనే నిశ్చయించుకుంటే కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, ఆ రోజుల్లో గాలే వేడి మట్టిలా ఉంటుంది, ఒంటికి ఇంకా వేడి ఎక్కించే పని పెట్టుకోవద్దు. వానలు పడి చల్లబడ్డాక, పొద్దున పూట, టిఫిన్ తిన్న గంటన్నర తర్వాత మోకాళ్లకు వేయించుకుని, కడిగించుకుని, అరగంట కూర్చుని, మోకాళ్లు వెచ్చగా, సడలి ఉన్నప్పుడే నడక మొదలుపెట్టాలి. మొదటి రోజు ఇంటి నుంచి వేపచెట్టు దాకా, ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ నిలబడి, పెదాలు సున్నా చుట్టి ఊది, మళ్లీ నాలుగడుగులు. ఎన్ని అడుగుల దగ్గర ఆగాల్సి వచ్చిందో మనవడితో నోట్‌బుక్‌లో రాయించి, తర్వాతిసారి ఛాతీ డాక్టర్ దగ్గరికి ఆ నోట్‌బుక్ పట్టుకెళ్లాలి.